ఇంటిపేరు వేరు, గోడ వేరు

కంప్యూటరు విద్య నేర్చి మండవల్లి, కైకలూరు ప్రాంతాల నుండి హైదరాబాదు, బెంగుళూరు చేరుతున్న యువతకు ఎదురయ్యే పేర్లలో కుబర్నెటీస్ ఒకటి. గూగుల్ సంస్థ 2014లో లోకానికి అందించిన ఈ సాధనం పేరుకు గ్రీకు భాషలో చుక్కాని పట్టువాడని అర్థము. మన లాంచీ సరంగు వంటివాడన్నమాట. కంటైనర్లలో మూటగట్టిన ప్రోగ్రాములు ఏ యంత్రముపై నడవాలో, ఎన్ని ప్రతులు ఉండాలో అది చూచుకొంటుంది. ఒక ప్రతి పడిపోతే మరొకదానిని లేపుతుంది.

ఆజ్ఞలు వల్లె వేయించి భావమును వదలివేసే బోధనపై మాకు అభ్యంతరమున్నది. ముఖ్యముగా నేమ్‌స్పేస్ విషయములో. దీనిని గోడగా చెప్పేవారున్నారు. నిజానికి ఇది ఇంటిపేరు. తరగతిలో ఇద్దరు సత్యనారాయణలుంటే ఇంటిపేరు చేర్చి పిలుస్తాము గదా! అట్లే ఒకే క్లస్టరులో పరీక్షలకొక నేమ్‌స్పేస్, అసలు సేవకొక నేమ్‌స్పేస్ ఏర్పరచి, రెండింటిలోను ఒకే పేరుతో సర్వీసు నడపవచ్చును. ఇంటిలోనివారు ఉత్త పేరుతో పిలుచుకొంటారు. బయటివారు ఇంటిపేరు కలపాలి. నోడ్లు, అనగా యంత్రములు, మాత్రము ఏ ఇంటికీ చెందవు.

ప్రమాదమిచ్చటనే ఉన్నది. కొల్లేటి చేపల చెరువులకు గట్లున్నవి. కాని నీరు వచ్చే కాలువ, పోయే డ్రెయిను ఉమ్మడివైనపుడు గట్టు ఒక్కటే ఏమి కాపాడగలదు? నెట్‌వర్క్ పాలసీ వ్రాసి, దానిని అమలుపరచే ప్లగిన్ పెట్టనిదే, పరీక్షల నేమ్‌స్పేస్‌లోని ప్రోగ్రాము అసలు సేవను నిరాటంకముగా పలుకరించగలదు. రిసోర్స్ కోటా విధించనిచో ఒకరే మెమొరీనంతా త్రాగివేయవచ్చును. ఎగువ రైతు తూము తెరచుకొంటే శివారు చేను ఎండినట్లు. ఎవరు ఏమి చేయవచ్చునో రోల్, రోల్‌బైండింగులు నిర్ణయించవలెను. అందరికీ క్లస్టరు తాళపుచెవి ఇచ్చుట సౌకర్యమే గాని వివేకము కాదు. పైగా నేమ్‌స్పేస్‌ను తొలగిస్తే అందులోని సర్వీసులు, పాడ్‌లు, సీక్రెట్లు సమస్తము పోవును. ఇంటిపేరు కొట్టివేస్తే ఇల్లే కూలినట్లు! ఈ మాట చాలమందికి ఉద్యోగములో చేరిన పిదపగాని తెలియుట లేదు.

కావున ప్రయోగశాలలో మొదటి పాఠముగా రెండు నేమ్‌స్పేస్‌లు చేయించి, ఒకదాని నుండి మరొకదానికి పిలుపు పంపించి, అది చేరుట విద్యార్థిని కన్నులారా చూడనిండు. ఆ తరువాతనే పాలసీ వ్రాయించి, అదే పిలుపు ఆగుట చూపవలెను. ఒక్క లాప్‌టాప్‌పై మినీక్యూబ్, కాలికో ప్లగిన్ ఉంటే ఇది పైసా ఖర్చు లేని పని.