ఫెడప్ అయితే బోరు కొట్టినట్టేనా?

ఆంగ్లంలో ‘ఫీడ్ అప్’ అనే ఫ్రేజల్ వెర్బ్ ఒకటుంది. మేపి బలిపించడమని దాని అర్థం. 19వ శతాబ్దంలో సంతకు తోలబోయే పశువుల విషయంలో వాడిన ఈ మాట, 1900 ప్రాంతానికి మనుషులకూ పాకింది. దాని నుంచి వచ్చిన ‘ఫెడ్ అప్’ అంటే ఇక చాలు, నావల్ల కాదు అని. మెతుకు గొంతు దిగనంతగా మేపబడినవాడి మాట అది. దీనికి ‘విత్’ చేర్చడమే శిష్టసమ్మతం; ‘ఆఫ్’ వాడుకలో ఉన్నా వ్యాకరణవేత్తలు కొందరు ముఖం చిట్లిస్తారు.

చిత్రమేమంటే, తెలుగువాడూ ఇదే దారిన నడిచాడు. ‘మొహం మొత్తింది’ అన్న మాటా విస్తట్లోంచి పుట్టిందే. అయితే రెండూ ఒకటి కావు. మొహం మొత్తేది ఇష్టమైన వస్తువే: నాలుగో బొబ్బట్టు, పదోసారి విన్న పాట. ‘ఫెడ్ అప్’లో ఆ తీపి లేదు, సహనం చచ్చిపోవడం ఉంది. దానికి సరైన తెలుగు ‘విసిగి వేసారడం’.

ఇక ‘బోర్‌డమ్’ మరొకటి. దానికి మన పెద్దలు ‘ఏమీ తోచడం లేదు’ అన్నారు. ఎంత సూక్ష్మమైన మాట! లోపం లోకంలో లేదు, తోచవలసిన మనసులో ఉంది.

ఇన్ని ఛాయలున్న భాషలో నేడు మనం అన్నిటికీ ‘బోరు కొడుతోంది’ అంటున్నాం. పొలంలో వేసే బోరు నయం, అదృష్టం బాగుంటే నీళ్ళైనా పడతాయి!

అన్యభాషాపదం వచ్చి చేరిందని నా బాధ కాదు. రైలునూ రోడ్డునూ కలుపుకున్న భాషకు బోరు బరువు కాదు. కానీ ఆ ఒక్కటీ వచ్చి నాలుగింటిని గెంటివేయడమే నష్టం. ఇంట్లో ఒంటరిగా ఉన్న తల్లి ‘తోచడం లేదురా’ అంటే, వచ్చి కాసేపు కూర్చోమని. ‘విసుగొస్తోంది’ అంటే, ఏదో ఇబ్బంది పెడుతోందని. ‘వేసారిపోయాను’ అంటే, ఇక ఉపేక్షించరాదని. మూడింటినీ బోరుగానే వినే చెవికి ఈ తేడా అందదు. టీవీ పెట్టి తన పనికి తాను పోతుంది.

మాట పోతే నిఘంటువులో ఒక వరుస పోతుందనుకుంటాం. పోయేది ఎదుటివారి మనసు తెలుసుకునే ఒక దారి.

మీ సీమలో ఈ భావానికి ఇంకేమైనా పలుకుబడి ఉంటే, దయచేసి దాన్ని వాడుతూ ఉండండి.