ఢిల్లీ లేఖ: యజమాని ప్రభుత్వమే అయితే?

అద్దె చట్టాలపై రాజధానిలో చర్చ వచ్చినప్పుడల్లా రెండే పాత్రలు కనిపిస్తాయి: తాతలనాటి అద్దె చెల్లిస్తూ కదలని కిరాయిదారు, చేష్టలుడిగిన యజమాని. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా చట్టం ఈ ఇద్దరిని రాజీ పరచ బూనుకొన్నది. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదనడం అందులో కిరాయిదారుకు దక్కిన మేలు. యజమాని సాక్షాత్తు ప్రభుత్వమే అయిన చోట మాత్రం అది వర్తించదు.

ఖరగ్‌పూర్ అటువంటి చోటు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో గంజాం, విశాఖ జిల్లాల నుంచి వెళ్లి వర్క్‌షాపులో కుదురుకొన్న తెలుగువారి మునిమనుమలు నేటికీ అక్కడ వున్నారు. ఊరి నడిబొడ్డున నేల రైల్వేది, క్వార్టర్లు రైల్వేవి. రిటైరైన ఉద్యోగి క్వార్టరు ఖాళీ చేసే దాకా గ్రాట్యుటీ చేతికి రాదు. కార్మికుడి సొమ్మునే జామీనుగా పట్టివుంచే ఈ ఉపాయం ఏ ప్రైవేటు యజమానికీ తట్టినట్లు లేదు!

మునిసిపల్ వీధిలోని ప్రైవేటు ఇంట్లో, చట్టం విధించిన పరిమితికి లోబడిన అద్దెకు వున్నవారికి 2001 జూలైలో అమలుకు వచ్చిన పశ్చిమ బెంగాల్ అద్దె చట్టం కొంత అండ. కిరాయిదారు కన్నుమూసినా అతనితో నివసించిన కుటుంబానికి ఐదేళ్ల గడువు వున్నది. రైల్వే హద్దు దాటితే రాజ్యం 1971 నాటి ప్రభుత్వ ఆవరణల చట్టానిది. అక్కడ ఖాళీ చేయించే ఎస్టేట్ అధికారి యజమాని కొలువులోని వాడే. 2019 సవరణ తరువాత, గడువు తీరిన క్వార్టరులో వున్నవారు సంజాయిషీ చెప్పుకోవడానికి మూడు పనిదినాలే మిగిలినవి. జిల్లా జడ్జికి అప్పీలు వున్నది నిజమే. తొలి తీర్పరి మాత్రం వాది మనిషే. అద్దె నియంత్రణ చట్టం కంటే ఈ చట్టానిదే పైచేయి అని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చినది.

రైల్వే నేలపై గుడిసెలు వేసుకొన్న వారికి ఆ పాటి కాగితమూ లేదు. వారి విషయంలో కోర్టు దృష్టి కూడా ఒక్క తీరున లేదు. 2020లో ఢిల్లీ పట్టాల వెంట 48,000 గుడిసెలు మూడు నెలల్లో తొలగించమన్న సుప్రీంకోర్టే, 2023 జనవరిలో హల్ద్వానీలో వేల కుటుంబాల తొలగింపును నిలిపివేసి పునరావాసం మాటేమిటని అడిగినది.

2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించినది. సంతోషమే. కాని రైల్వే నేలపై గూడు మాట కలకత్తా చేతిలో లేదు, రైల్ భవన్ చేతిలో వున్నది. తెలుగు పార్లమెంటు సభ్యులు ఎస్టేట్ అధికారి కుర్చీలో న్యాయాధికారిని కూర్చోబెట్టాలని 1971 చట్టానికి ఒక ప్రైవేటు సవరణ బిల్లైనా ప్రతిపాదించవచ్చు.