పైరు ఫొటో కూడా మట్టి నమూనా వంటిదే



మట్టి పరీక్షకు నమూనా తీయునపుడు గట్టు మీదను, పెంటకుప్ప ప్రక్కను, చెట్టు నీడనూ తీయరాదని మనము ఏళ్ల తరబడి చెప్పుచున్నాము. నమూనా చెడినచో పరీక్ష ఎంత చక్కగా జరిగినను ఫలితము పనికిరాదు. నేడు కొబ్బరికి గాని, వరికి గాని చీడ తగిలినపుడు రైతు మొదట పంపునది చేతి ఫోనుతో తీసిన ఫొటో. దానిని చూచియే మందు చెప్పుచున్నారు. కావున ఆ ఫొటోను కూడా నమూనాగానే ఎంచవలెననియు, దానిని తీయుటకు, పంపుటకు, అచ్చు వేయుటకు ఒక పద్ధతి ఉండవలెననియు నా అభిప్రాయము.

ఫొటోలో ఏమి ఉన్నది?

ఫోనులోని ఫొటో గళ్లచాప వంటిది. ఒక్కొక్క గడికి ఒక్కటే రంగు. ఈ గళ్లనే పిక్సెల్స్ అందురు; మనము చుక్కలు అందము. చుక్కలతో కూర్చిన బొమ్మకు బిట్‌మ్యాప్ అని పేరు. 12 మెగాపిక్సెల్ ఫోనులో తీసిన ఫొటోకు పొడవున 4,000, వెడల్పున 3,000 చుక్కలు, అనగా మొత్తము 1 కోటి 20 లక్షల చుక్కలు ఉండును. మీట నొక్కిన క్షణమున పడిన వివరమే వివరము. తరువాత బొమ్మను ఎంత పెద్దది చేసినను క్రొత్త వివరము రాదు. కుంచమును పెద్దది చేసినంత మాత్రమున ధాన్యము పెరుగదు గదా!

కొబ్బరి తోటలో లెక్క

సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతమున కనబడి, పిదప మన గోదావరి జిల్లాల తోటలకు ప్రాకినది. ఇది ఆకు అడుగున చేరి రసము పీల్చును. దాని నుండి కారు తేనె వంటి జిగురు క్రింది మట్టల పైనను, అంతరపంటలైన అరటి, కోకో ఆకుల పైనను పడి, అందుపై నల్లని మసి బూజు పెరుగును. రైతుకు దూరము నుండి కనబడునది ఆ నలుపే. ఆ నలుపును మాత్రమే ఫొటో తీసి పంపినచో చూచినవారు దానిని శిలీంధ్రపు తెగులుగా భావించి శిలీంధ్రనాశిని చెప్పవచ్చును. అసలు దొంగ పై మట్టల అడుగున సుఖముగా ఉండును.

ఇక చుక్కల లెక్క చూడుడు. పెద్దదోమ పొడవు సుమారు 2.5 మిల్లీమీటర్లు. మీటరు పొడవు మట్టను 4,000 చుక్కలలో తీసినచో ఒక్కొక్క మిల్లీమీటరుకు 4 చుక్కలు, అనగా దోమకు 10 చుక్కలు వచ్చును. వాట్సాప్‌లో పంపగా పొడవు 1,600 చుక్కలకు తగ్గినదనుకొందము. దోమకు మిగులునవి 4 చుక్కలే. నాలుగు చుక్కలలో దోమను ఎవరు గుర్తుపట్టగలరు? అదే ఫోనుతో 10 సెంటీమీటర్ల ఆకు ముక్క మాత్రమే తీసినచో దోమకు 100 చుక్కలు వచ్చును. అంతే తగ్గినను 40 మిగులును. ఖరీదైన ఫోను కంటె దగ్గరగా తీయుటయే మేలు.

ఈ వివరము వినోదమునకు కాదు. సర్పిలాకార తెల్లదోమ గుడ్లను మైనపు పూతతో చుట్లు చుట్లుగా పెట్టును. బోండార్ గూడు తెల్లదోమ అంతకంటె చిన్నది. దూది వంటి మైనపు గూడు కట్టును. అట్లే తెల్లదోమ పిల్లలపై గుండ్రని రంధ్రములు కనబడినచో ఎన్‌కార్సియా అను పరాన్నజీవి పని చేయుచున్నదని అర్థము. అట్టి తోటలో పురుగుమందు కొట్టినచో శత్రువుతో పాటు మిత్రుని కూడా చంపినట్లగును. ఖర్చు పోవును, దోమ మరల పెరుగును. ఆ రంధ్రము ఫొటోలో కనబడుటయే తోటకు రక్ష.

తీయు పద్ధతి, పంపు పద్ధతి

1. ప్రతి సమస్యకు మూడు ఫొటోలు తీయవలెను: చెట్టు మొత్తము ఒకటి, మట్ట ఒకటి, ఆకు అడుగు భాగము దగ్గరగా ఒకటి.

2. చెట్టెక్కి తీయనక్కర లేదు. దింపు తీయువారిచే మట్ట నుండి రెండు ఆకులు కోయించి నేల మీద తీయవచ్చును.

3. ఆకు ప్రక్కన రూపాయి నాణెము, తెల్ల కాగితము ఉంచవలెను. నాణెము పరిమాణము తెలుపును; కాగితము అసలు రంగును పోల్చుటకు ఉపకరించును.

4. పలుచని నీడలో, చేయి కదలక తీయవలెను. తెరపై వ్రేళ్లతో లాగి పెద్దది చేయుట కంటె ఫోనునే దగ్గరకు జరుపుట మంచిది. మసకబారినచో కొంచెము వెనుకకు జరుపవలెను.

5. వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపినచో చుక్కలు తగ్గవు. చేతులు మారి వచ్చిన ఫొటో కంటె తీసినవారి అసలు ఫొటోయే నమ్మదగినది.

అచ్చు వేయువారికి ఒక మాట

ఫోను తెరపై నిండుగా కనబడిన బొమ్మ కాగితముపై మసకబారుట మనము చూచుచున్నాము. మంచి కాగితముపై అచ్చుకు అంగుళమునకు 300 చుక్కలు కావలెను. నాలుగు అంగుళముల బొమ్మకు 1,200 చుక్కలు చాలును. కాని 1,600 చుక్కల ఫొటోలో నాలుగవ వంతు పొడవే కత్తిరించి వాడినచో మిగులునవి 400; అది అంగుళమున్నర బొమ్మకు కూడా చాలదు. కంప్యూటరులో 72 అను అంకెను 300గా మార్చుట వలన లాభము లేదు. ఉన్న చుక్కలు ఉన్నట్లే ఉండును.

తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలి వెలుగులతో రంగు చూపును. అచ్చుయంత్రము నీలి, గులాబి, పసుపు, నలుపు సిరాలతో చూపును. అందువలన ఆకుల పసుపు ఛాయ మారిపోవచ్చును. అచ్చుకు ముందు ప్రూఫును అసలు ఆకుతో పోల్చి చూడవలెను. ఫొటోలకు జేపీజీ సరిపోవును గాని, దిద్ది మరల మరల భద్రపరచిన కొద్దీ వివరము అరుగును. కావున అసలును వేరుగా దాచి, నకలుపైననే దిద్దవలెను. గీతలు, అక్షరములు గల పటములకు పీఎన్‌జీ మేలు.

బాధ్యత ఎవరిది?

రాజోలు లంకలలోని వృద్ధ రైతుకు ఇదంతా ఎట్లు తెలియునని కొందరు అడుగవచ్చును. నిజమే, ఈ భారము రైతుపై వేయరాదు. మట్టి నమూనా తీయుట ఆయనకు నేర్పినది మనమే గదా! అమలాపురము, కొత్తపేట, రాజోలు ప్రాంతములలో ప్రతి రైతు సేవా కేంద్రము గోడపైనను ఈ పద్ధతిని అంటించవలెను. చాలని ఫొటో వచ్చినపుడు ఊహించి మందు చెప్పక, మరల తీయుమని అడుగవలెను. అప్పటికిని తేలనిచో తోటకు పోయి చూడవలెను. అవసరమైనచో ఆకునే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానమునకు చేర్చవలెను. ఫొటో మన కాళ్లకు బదులు కాదు. మన కన్నులకు తోడు మాత్రమే.

"మరొక ఫొటో పంపుడు" అని చెప్పుటకు ఒక నిమిషము పట్టును. తప్పు మందు ఖర్చు మాత్రము రైతు దింపు దింపునకు భరించవలసి వచ్చును. మనకు ఏది సులువో ఈ లెక్కతో నిర్ణయించుకొందము.