ఒక్క అంకె చూసి పొలం బేరం పెట్టవద్దు

జంగారెడ్డిగూడెం బస్టాండులో హైదరాబాదు బస్సు కోసం కూర్చున్నవారిలో ల్యాబు కాగితాలు పట్టుకున్నవారు తరచు కనిపిస్తారు. స్కానింగులో లివరు మీద గడ్డ ఉందని తేలినవారైతే ఏఎఫ్‌పీ అన్నచోట ఉన్న అంకెనే పదిమందికీ చూపిస్తారు. అది వేలల్లో ఉంటే ఇంట్లో ఏడుపులు, పొలం బేరాలు. మామూలుగా ఉంటే గడ్డ వట్టిదేనన్న ధీమా. రెండూ పొరపాటే.

ఏఎఫ్‌పీ గర్భంలోని శిశువు కాలేయం తయారుచేసే మాంసకృత్తు. పుట్టిన తరువాత ఏడాది రెండేళ్లలో దాదాపు కనబడకుండా పోతుంది. కాలేయ కాన్సరు రోగి రక్తంలో అది మళ్లీ కనిపిస్తుందని 1964లో సోవియట్ శాస్త్రజ్ఞుడు తతారినోవ్ వెల్లడించాడు. అంకె 400 దాటితే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని వైద్యుల అంచనా. అయితే సుమారు మూడో వంతు రోగుల్లో అది పెరగనే పెరగదు. పెరిగినవారిలో చికిత్స తరువాత తగ్గుతూ వస్తే మంచి సూచన. అంకె ఎటు నడుస్తున్నదో చూడాలి గనుక పాత కాగితాలు పారేయరాదు.

గడ్డ సంగతి ఇలా ఉండగా, మిగిలిన కాలేయం ఎంత పనిచేస్తున్నదన్నది అంతకు తక్కువ ప్రశ్న కాదు. దీనికి ఖరీదైన పరీక్షలు అక్కరలేదు. ఆల్బుమిన్ మూడున్నర గ్రాములకంటే తగ్గడం, బిలిరుబిన్ పెరగడం, రక్తం ఆలస్యంగా గడ్డకట్టడం కాలేయం అలసిందనడానికి గుర్తులు. మొదటి రెంటితోనే రోగులను మూడు తరగతులుగా చూసే పద్ధతిని 2015లో ప్రకటించారు. మొదటి తరగతివారు చికిత్సను తట్టుకునే అవకాశం ఎక్కువ. మూడో తరగతివారికి, పైగా పొట్టలో నీరు చేరితే, గడ్డ తీసే ఆపరేషనే ప్రాణం మీదికి తేవచ్చు. ఎకరం అమ్మకముందే ఇంటివారికి ఈ మాట తెలియాలి. రిపోర్టు చేతికిచ్చేటప్పుడు రోగి ఏ తరగతిలో ఉన్నాడో తెలుగులో రెండు ముక్కలు రాసివ్వడం వైద్యాధికారులకు పెద్ద పని కాదు.

కామెర్లు రాగానే పసరు పోయించుకునే అలవాటు మనలో పోలేదు. కళ్ల పచ్చదనం దానంతటదే తగ్గినా హెపటైటిస్-బి క్రిమి కొందరిలో ఏళ్లతరబడి ఉండిపోయి కాన్సరుకు దారితీస్తుంది. సారా తాగి కాలేయం గట్టిపడినవారికీ అదే ప్రమాదం. ఇలాంటివారు వైద్యుడు చెప్పినట్లు ఆరు నెలలకొకసారి స్కానింగు, ఏఎఫ్‌పీ చేయించుకుంటే గడ్డ చిన్నగా ఉండగానే దొరుకుతుంది. హెపటైటిస్-బి, సి పరీక్షలూ మందులూ ఉచితంగా ఇచ్చే జాతీయ పథకం 2018 జూలైలో ప్రారంభమైంది. మన ఏరియా ఆసుపత్రికి వెళ్లినవారు ఆ పథకం పేరు చెప్పి అడగాలి.