కళాజీవుల పేట, కాసుల పేట

నగరాలలో ఒక విచిత్రమైన న్యాయం నడుస్తూ ఉంటుంది. చేత కాసులేని కవులు, గాయకులు, నటులు ఒక పేటను ఆశ్రయిస్తారు. వారివల్ల పేటకు పేరు వస్తుంది. పేరు వెంట ధర వస్తుంది. ధర పెరిగిననాడు పేరు తెచ్చినవారికే అక్కడ చోటు కరవవుతుంది. లండను పేటలలో ఇట్టి మార్పును గమనించి, రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రవేత్త్రి 1964లో దానికి ‘జెంట్రిఫికేషన్’ అని పేరు పెట్టింది. మనకు సమీపంలోని దృష్టాంతం మదరాసులోని త్యాగరాయనగరం.

1920ల దశకంలో మాంబళం చెరువును పూడ్చి ఈ పేటను కట్టారు. పేటకు పిట్టి త్యాగరాయశెట్టిగారి పేరు; నడిబొడ్డున ఉన్న ఉద్యానానికి 1921 నుండి 1926 వరకు మదరాసు ప్రధానిగా ఉన్న పానగల్ రాజావారి పేరు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు అర్ధవీడు, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలకూ మదరాసే రాజధాని. సినిమాలలో అదృష్టం వెదుకుకొంటూ అక్కడికి చేరిన తెలుగు యువకులకు పానగల్ పార్కు బల్లలే విశ్రాంతి మందిరాలు. సాయంవేళల మల్లాది రామకృష్ణశాస్త్రిగారి చుట్టూ సాహితీమిత్రులు చేరేది అక్కడనే. ఆ పాఠశాలకు రుసుము లేదు, హాజరుపట్టీ లేదు.

నేడు ఆ వీథులు బట్టలకు, బంగారానికి ప్రసిద్ధి. పాండీబజారు కాలిబాట వర్తకులను 2013లో అంతస్తుల భవనంలోకి తరలించారు. 2019లో అక్కడ పాదచారులకు విశాలమైన బాట వేశారు. మెట్రో స్టేషను నిర్మాణానికి పార్కులో కొంత భాగం పోయింది. వడపళనిలో విజయా–వాహినీ స్టూడియోల ఆవరణలో పెద్ద మాల్ వెలసింది.

ఇదంతా అన్యాయమని వాదించరాదు. నడిచేవారికి బాట కావలసిందే. ప్రయాణికులకు రైలు కావలసిందే. తెలుగు చిత్రపరిశ్రమ హైదరాబాదుకు తరలడానికి కారణం అద్దెలు మాత్రమే కాదు. స్వరాష్ట్రాభిమానం, ప్రభుత్వ ప్రోత్సాహం కూడా. కాని బాట వేసినవారు, భవనం కట్టినవారు ఒక లెక్క మరచారు. డబ్బు ఖర్చు పెట్టకుండా ఒక మనిషి గంటసేపు కూర్చొని మరొకరితో మాట్లాడగల చోటు ఎంత మిగిలింది? కళ పుట్టేది అట్టి చోటనే.

అర్ధవీడు నుండి చదువుకోసం, కళకోసం హైదరాబాదుకో విజయవాడకో వెళ్లే పేదవిద్యార్థికి ఈ ప్రశ్న గతించిన కథ కాదు, రేపటి బ్రతుకు. వాడికి కావలసినవి చౌకగది, తెరిచి ఉన్న గ్రంథాలయం, చెట్టు నీడన ఒక బల్ల. నగర నిర్మాణ పథకాలలో వీటికి రోడ్లతో సమానమైన స్థానం ఉండాలి. పోయిన కవులకు విగ్రహం నిలపడం సులభం. రాబోయే కవికి చోటు మిగల్చడమే కష్టం. చేయవలసిన పని అదే.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలో చర్చకు పెట్టవచ్చు. మన ఊరి రచ్చబండ, గ్రంథాలయం, రావిచెట్టు అరుగు ఎవరిని తీర్చిదిద్దాయో పెద్దలనడిగి విద్యార్థులు వ్రాసి ఉంచవచ్చు. విలువ తెలిసిన చోటును ఎవరూ అంత తేలికగా వదులుకోరు.