ఆ రెండో లెక్క సంగతేమిటి?

1927 సెప్టెంబరు 22, షికాగో సోల్జర్ ఫీల్డ్. ఏడో రౌండులో జాక్ డెంప్సీ గుద్దులకు బాక్సింగ్ ఛాంపియన్ జీన్ టన్నీ తాడు పట్టుకుని కూలబడ్డాడు. నిబంధన ప్రకారం, పడగొట్టినవాడు దూరపు మూలకు వెళ్లాకే రిఫరీ పది వరకు లెక్క మొదలుపెట్టాలి. డెంప్సీ మాత్రం పక్కనే నిలబడ్డాడు. రిఫరీ డేవ్ బ్యారీ అతణ్ని పంపించాకే ‘ఒకటి’ అన్నాడు. ‘తొమ్మిది’కి టన్నీ లేచాడు, అలా అతనికి మొత్తం 13–14 సెకన్లు దొరికాయి. పదో రౌండయ్యాక పాయింట్లపై నెగ్గాడు. ఆ జాప్యం డెంప్సీ చేజేతులా తెచ్చుకున్నదే, అందులో ఏడ్వడానికేం లేదు. కానీ ఎనిమిదో రౌండులో డెంప్సీ పడితే, టన్నీ మూలకు చేరకముందే బ్యారీ లెక్కపెట్టేశాడే! టైటిల్ టన్నీకి దక్కడం న్యాయమే. సంజాయిషీ చెప్పాల్సింది మాత్రం రిఫరీ.