కొన్నది ఆటయా, అనుమతియా?

వైకుంఠపాళి పటము కొన్న యింట, ఆ పటము చినిగిపోవునంతవరకు ఆట సాగును. పాచికలు పోయినచో గవ్వలతో ఆడుకొందురు. పటము అమ్మిన వర్తకుడు దుకాణము కట్టివేసినను, ఊరు విడిచిపోయినను, నిచ్చెనలును పాములును ఎక్కడివక్కడనే యుండును. నేడు మన విద్యార్థులు వేల రూపాయలు వెచ్చించి కొనుచున్న కార్ల పందెపు వీడియో ఆటలలో కొన్నింటికి ఈ మాట చెల్లదు. వానిని ఆడవలెనన్నచో ఎక్కడనో దూరదేశమున నున్న సర్వరు, అనగా ఇంటర్నెట్టు ద్వారా లక్షలాది యిండ్లకు సమాధానము చెప్పు కంప్యూటర్ల సముదాయము, మేలుకొని యుండవలెను. అది నిద్రించినచో, డబ్బు చెల్లించినవాడు యంత్రము ముందు ఊరక కూర్చుండవలసినదే.

జపాను దేశపు పాలిఫొనీ డిజిటల్ సంస్థ నిర్మించిన ‘గ్రాన్ టురిస్మో 7’ అను ఆటను సోనీ సంస్థ 2022 మార్చి 4న విడుదల చేసెను. ప్లేస్టేషన్ 5 యంత్రముపై ఆడుటకు అమెరికాలో దాని వెల 70 డాలర్లు. రెండు వారములు నిండకమునుపే, మార్చి 17న, ఒక సవరణ నిమిత్తము సర్వర్లను నిలిపివేసిరి. కొద్ది గంటలలో ముగియవలసిన పని 30 గంటలకు మించి సాగెను. సవరణను విడుదల చేయుటకు కొంచెము ముందుగా, కొన్ని సందర్భములలో ఆట సరిగా ప్రారంభము కాని లోపము బయటపడినదనియు, అందుచే ఆలస్యమైనదనియు ఆట నిర్మాత కజునోరి యమౌచి వివరించిరి.

యంత్రమన్న తరువాత చెడిపోవుట సహజము. రైలు ఆలస్యమైనదని రైలుబండ్లే వలదనువారు లేరు. 30 గంటల అంతరాయము దానంతటది నాకు పెద్ద నేరముగా తోచదు. విచారింపవలసినది వేరొకటి కలదు. ఆ 30 గంటలలో ఇతరులతో పోటీపడదలచినవారే గాక, ఒంటరిగా కూర్చుండి కంప్యూటరు నడుపు కార్లతో పందెము వేయదలచినవాడును ఆడలేకపోయెను. కొద్దిపాటి విభాగములు తప్ప, ఆటలో అధికభాగము సర్వరు అనుమతి లేనిదే తెరువబడదు.

పలువురు ఒకేసారి ఆడునపుడు సర్వరు అవసరమనుటలో సందేహము లేదు. గంటకు 200 కిలోమీటర్ల వేగముతో పోవు కారు ఒక్క సెకనులో సుమారు 55 మీటర్లు సాగును. సమాచారము సెకనులో పదవవంతు ఆలస్యమై, ఆట దానిని అంచనా వేసి సవరింపనిచో, ఎదుటివాని కారు నిజస్థానమునకు ఐదున్నర మీటర్లు వెనుకగా, అనగా కారు పొడవునకు మించిన దూరమున కనబడును. ఢీకొట్టినదెవరో, తప్పించుకొన్నదెవరో తేల్చుటకు మధ్యవర్తి యుండితీరవలెను. (భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు దీనిని తరగతిలో లెక్కగా ఇచ్చినచో, వెనుక బల్లపై కునుకుచున్న బాలుడు సైతము లేచి కూర్చుండును.)

కాని ఒంటరి పందెమునకు ఈ మధ్యవర్తితో పనియేమి? ఆటగాండ్రు తమ ఆట లెక్కలను దొంగతనముగా దిద్దుకొనకుండుటకే ఈ ఏర్పాటు అని యమౌచి చెప్పిరి. అది నిజమే కావచ్చును గాని, పూర్తి కారణము కాదని నా అభిప్రాయము. ఈ ఆటలో క్రెడిట్లు అను ఆటనాణెములు కలవు. పందెములు గెలిచి వానిని సంపాదింపవచ్చును. లేదా నిజమైన డబ్బుతో కొనవచ్చును. 20 లక్షల క్రెడిట్లకు సుమారు 20 డాలర్లు. కొన్ని కార్ల వెల 2 కోట్ల క్రెడిట్లు! డబ్బుతోనే కొనదలచినచో తెరపై మాత్రమే తిరుగు ఒక కారునకు 200 డాలర్లు, అనగా ఆట వెలకు ఇంచుమించు మూడు రెట్లు. పైగా, ఆ మార్చి సవరణయే కొన్ని పందెముల బహుమతులను తగ్గించెను. ఆటగాండ్ర ఆగ్రహము మిన్నుముట్టగా, మార్చి 25న యమౌచి క్షమాపణ చెప్పి తలకు 10 లక్షల క్రెడిట్లు ప్రకటించిరి. అంగడి లెక్కన అది పది డాలర్లు. ఏప్రిల్ నెలలో బహుమతులను మరల పెంచిరి. నాణెములు అమ్ముకొనువాడు ఖజానా తాళమును కొనువాని యింట విడిచిపెట్టునా? సర్వరు ఇచట తీర్పరి మాత్రమే కాదు, గుమాస్తాయు అయినది.

గ్రాన్ టురిస్మో సర్వర్లు తిరిగి మేలుకొన్నవి. ‘ది క్రూ’ అను ఆటకు ఆ భాగ్యము లేకపోయెను. ఫ్రాన్సు దేశపు యూబీసాఫ్ట్ సంస్థ 2014 డిసెంబరులో విడుదల చేసిన ఈ ఆటలో అమెరికా సంయుక్త రాష్ట్రములను కుదించి చిత్రించిరి. ఒక సముద్రతీరము నుండి రెండవ తీరము వరకు ఆగకుండ కారు నడుపుకొని పోవచ్చును. ఇందును ఒంటరిగా తిరుగువానికి సైతము సర్వరు కావలసినదే. 2023 డిసెంబరు 14న అమ్మకములు నిలిపివేసి, 2024 మార్చి 31న సర్వర్లను శాశ్వతముగా మూసివేసిరి. సర్వర్ల వసతులకును లైసెన్సులకును సంబంధించిన నిర్బంధములే కారణమని సంస్థ చెప్పెను. డిస్కు కొని అలమారలో దాచుకొన్నవానికి ఆ డిస్కు మిగిలెను, ఆట మిగులలేదు.

2024 నవంబరులో ఇద్దరు ఆటగాండ్రు కాలిఫోర్నియా న్యాయస్థానమున దావా వేసిరి. కొన్నవారికి లభించినది పరిమితమైన అనుమతియే గాని యాజమాన్యము కాదని సంస్థ వాదించెను. ఆట పెట్టెలోని సంకేతమునకు గడువు 2099 వరకు ముద్రించి యున్నదని ఫిర్యాదుదారులు చూపిరి. ఇల్లు అమ్మితినని చెప్పి తాళపుచెవి తనవద్దనే ఉంచుకొన్నవాని వాదము వంటిది సంస్థ వాదము.

వెలకు తగిన ఫలము దక్కినదా అని విచారించువారు సాధారణముగా వెలను ఆడిన గంటలతో భాగింతురు. 2014లోనే ‘ది క్రూ’ కొని తొమ్మిదేండ్లు ఆడినవానికి అది కారుచౌక. 2023 నవంబరులో కొన్నవానికి దక్కినవి అయిదు నెలలు. ఇద్దరికిని అమ్మినది ఒకే మాటతోనే! ఈ లెక్కలో భాజకము కొనువాని చేతిలో లేదు. ఎన్ని గంటలు ఆడనిత్తురో అమ్మినవాడే నిర్ణయించును.

ఈ సందర్భమున 2008లో ఆరంభమైన ‘ఐరేసింగ్’ను తలచుకొనవలెను. అది చందా ఆట. చందా కట్టినంతకాలమే ప్రవేశము. కార్లు, పందెపు బాటలు పెక్కింటిని విడిగా కొనవలెను. చందా ముగిసినచో అవియు అందవు. ఖరీదైన వ్యవహారమే. అయినను సర్వరు ఖర్చు నెలనెలా ఉండును గనుక ధరయు నెలనెలా అడుగుట నాకు నిజాయితీగా తోచుచున్నది. అద్దెను అద్దె అనుచున్నారు. ఒక్కసారి ధర తీసికొని, నిత్యవ్యయమును నెత్తిన వేసికొని, ఆ భారము మోయలేనినాడు కొన్నవాని సొత్తును మూసివేయు పద్ధతిలోనే చిక్కంతయు నున్నది.

మార్పు బొత్తిగా రాలేదనలేము. శాశ్వతముగా దిగుమతి చేసికొని ఇంటర్నెట్టు లేకుండ వాడుకొన వీలులేని డిజిటల్ సరుకును, అది అనుమతి మాత్రమేనని స్పష్టముగా తెలుపనిదే, ‘కొనుడు’ అను మాటతో అమ్మరాదని కాలిఫోర్నియా చేసిన చట్టము 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. ‘ది క్రూ 2’ను సర్వరు లేకుండ ఆడు వీలు కల్పింతుమని యూబీసాఫ్ట్ 2024 సెప్టెంబరులో ప్రకటించి, 2025లో మాట నిలుపుకొనెను. అదే సంవత్సరము సెప్టెంబరులో, మూతపడిన మొదటి ‘ది క్రూ’ను కొందరు అభిమానులు సొంత ప్రయత్నముతో కంప్యూటర్లపై తిరిగి నడిపించిరి. కావుననే ఈ పని అసాధ్యమని ఇకమీదట ఏ సంస్థయు చెప్పజాలదు.

మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ‘అన్యాయమైన ఒప్పందము’ అను భావమును చేర్చినది. తగిన కారణము లేకుండ ఒక పక్షమువారు ఏకపక్షముగా ఒప్పందమును రద్దు చేయుటకు వీలిచ్చు షరతు అట్టివానిలో నొకటి. దానిపై ఫిర్యాదును రాష్ట్ర కమిషను విచారింపవచ్చును. ఫిర్యాదుదారు తాను నివసించు రాష్ట్రముననే దానిని దాఖలు చేయవచ్చును. ఆట మూసివేతకు ఈ సూత్రము ఎంతవరకు వర్తించునో న్యాయవాదులు తేల్చవలసిన సంగతి. అంతవరకు, ఆటకు డబ్బు కట్టిన విద్యార్థి కొనుగోలు రసీదును, ఆనాటి అమ్మకపు ప్రకటన ప్రతిని భద్రపరచుకొనుట మంచిది. ఏలయన ఆటను తొలగించువారు దానిని వర్ణించిన పుటను కూడ తొలగింతురు.